బిల్లీ హాలిడే పాటని తేదీలతో వినాలి

అమెరికన్ జాజ్ గాయని బిల్లీ హాలిడే పేరు విన్నవాళ్ళలో చాలామందికి ఆమె పాట కన్నా ముందు ఆమె కష్టాలు తెలుస్తాయి. పేదరికం, మత్తుమందులు, జైలు, చేయి చేసుకున్న మగవాళ్ళు, నలభై నాలుగేళ్ళకే చావు. ఆ తర్వాత పాట వింటారు. విన్నాక ఎవరిని కదిపినా దాదాపు ఒకే మాట చెబుతారు: మొదట్లో గొంతు హాయిగా, లేతగా ఉండేది, చివరికి పాడైపోయింది, కానీ ఆ పాడైన గొంతులో ఆమె పడ్డ బాధంతా వినిపిస్తుంది. జాజ్ పుస్తకాల్లోనూ, సీడీ కవర్ల మీదా, సినిమాల్లోనూ ఇదే కథ.

ఈ కథతో నాకు పేచీ ఉంది. ఆమె కష్టాలు అబద్ధమని కాదు, ప్రతి ఒక్కటీ నిజమే. 1915 ఏప్రిల్ 7న ఫిలడెల్ఫియాలో పుట్టింది, బాల్టిమోర్‌లో పెరిగింది. 1947లో మత్తుమందుల కేసులో శిక్ష పడింది. ఆ శిక్ష కారణంగా న్యూయార్క్‌లో మద్యం అమ్మే క్లబ్బుల్లో పాడటానికి కావలసిన క్యాబరే కార్డు పోయింది. అంటే సొంత ఊరులాంటి నగరంలో ఆమెకి బతుకుతెరువు లేకుండా చేశారు. 1959 జులై 17న న్యూయార్క్ ఆసుపత్రిలో చనిపోయింది. ఇదంతా తెలుసుకోవలసిందే. కానీ ఇది తెలుసుకున్నంత మాత్రాన ఆమె పాటలో ఏం చేసిందో తెలియదు. అది తెలియాలంటే ఒకే పాటని ఆమె వేరువేరు ఏళ్ళలో పాడిన రికార్డింగులు వరసగా పెట్టుకుని వినాలి. నేను చాలాకాలంగా ఈ పనే చేస్తున్నాను. విన్నకొద్దీ నాకు బాధితురాలు వెనక్కి వెళ్ళిపోయి, ప్రతి మాటా ఎక్కడ పెట్టాలో ఆలోచించి పెట్టిన సంగీతకారిణి ముందుకొస్తోంది.

మనకి ఈ అలవాటు కొత్తది కాదు. త్యాగరాజ కీర్తనని ఒకే విద్వాంసుడు ఇరవై ఏళ్ళ ఎడంతో పాడిన రెండు కచేరీలు దొరికితే మనం సంగతులు పోల్చుకుంటాం, కాలప్రమాణం పోల్చుకుంటాం, ఏ వయసులో ఏ పట్టు వదిలేశాడో, కొత్తగా ఏం పట్టుకున్నాడో మాట్లాడుకుంటాం. ఆయన ఇంటి గొడవలు ఏ సంగతిలో వినిపిస్తున్నాయని ఎవరూ అడగరు. ఆ మాత్రం మర్యాద బిల్లీకీ దక్కాలి.

పోల్చి వినడానికి ఆమె అంత అనువైన గాయని దొరకడం కష్టం. చేసిన రికార్డింగులన్నీ ఇరవై ఆరేళ్ళ లోపలే. మొదటిది 1933 నవంబర్‌లో, బెన్నీ గుడ్‌మన్ బృందంతో, నిర్మాత జాన్ హ్యామండ్ పూనికతో. 1935 నుంచి 1942 దాకా బ్రన్స్విక్, వొకాలియన్, ఓకే అనే రికార్డు లేబుళ్ళ మీద వచ్చినవన్నీ ఇప్పుడు కొలంబియా ఖాతాలో ఉన్నాయి. మధ్యలో 1939లోనూ 1944లోనూ కమొడోర్ అనే చిన్న కంపెనీకి పాడింది. 1944 నుంచి 1950 దాకా డెకా. 1952 నుంచి 1957 దాకా నిర్మాత నార్మన్ గ్రాంజ్‌కి పాడినవి వర్వ్ పేరుతో దొరుకుతాయి. 1958లో మళ్ళీ కొలంబియా, 1959 మార్చిలో ఎంజీఎం. కంపెనీ మారినప్పుడల్లా పాత పాటలు కొన్ని మళ్ళీ పాడించారు. దాంతో ఒకే పాట ఇరవై ఏళ్ళ గొంతులోనూ, ముప్పై ఏళ్ళ గొంతులోనూ, నలభై ఏళ్ళ గొంతులోనూ దొరుకుతుంది.

‘వాట్ ఎ లిటిల్ మూన్‌లైట్ కెన్ డూ’ తీసుకోండి. 1935 జులై 2న పియానో వాద్యగాడు టెడ్డీ విల్సన్ బృందంతో పాడింది. గుడ్‌మన్ క్లారినెట్, రాయ్ ఎల్డ్రిడ్జ్ ట్రంపెట్, బెన్ వెబ్‌స్టర్ టెనర్ శాక్సఫోన్. పాట పరుగు పెడుతుంటుంది. ముందు క్లారినెట్ తన వంతు వాయించుకుంటుంది, ఆ తర్వాతే గొంతు వస్తుంది. మూడు నిమిషాల రికార్డులో ఆమెకి దక్కేది వాద్యగాళ్ళకి దక్కినట్టే ఒక వంతు. కింద తాళం అంత పరుగులో ఉన్నా ఆమెకి తొందర లేదు. మాటల్ని తాళానికి కాస్త వెనకగా వదులుతుంది, సాగదీస్తుంది, తర్వాత ఒక్క ఊపులో అందుకుంటుంది. అప్పటికి ఆమెకి ఇరవై ఏళ్ళు. సంగీతం ఎవరి దగ్గరా నేర్చుకోలేదు.

1954లో ఇదే పాటని న్యూయార్క్‌లో మళ్ళీ పాడింది. చార్లీ షేవర్స్ ట్రంపెట్, ఆస్కార్ పీటర్సన్ పియానో. గొంతు కిందకి దిగింది, అంచుల్లో గరుకు వచ్చింది, అది ఎవరికైనా వినిపిస్తుంది. కానీ తాళంతో ఆమె ఆడే ఆట వినండి. ఆ వెనకబాటు ఇంకా ధైర్యంగా ఉంది. ఇంకాసేపు ఆగుతుంది, ఇంకా తక్కువ చోటులో అందుకుంటుంది. గొంతు తగ్గింది, లయ పెరిగింది. ఈ రెండో సంగతిని లెక్కలోకి తీసుకోకుండా గొంతు పాడైందని తేల్చేయడం సగం విని లేచిపోవడమే.

‘దీజ్ ఫూలిష్ థింగ్స్’ ఇంకా మంచి ఉదాహరణ. 1936 జూన్‌లో విల్సన్ బృందంతో ఒకసారి, 1952లో ఆస్కార్ పీటర్సన్ పియానోతో మరోసారి. మొదటిదాంట్లోనే అచ్చులో ఉన్న వరస నుంచి ఆమె పక్కకి జరుగుతుంది. స్వరకర్త రాసిన గెంతుల్ని చదును చేస్తుంది, ఒకే స్వరాన్ని రెండు మూడు మాటలకి వాడుతుంది. 1952కి వచ్చేసరికి అసలు వరస తెలిసినవాళ్ళకి తప్ప మిగతావాళ్ళకి పోల్చుకోవడానికి క్షణం పడుతుంది. పాట నడక బాగా నెమ్మదించింది. మాటకీ మాటకీ మధ్య ఖాళీ వచ్చింది, ఆ ఖాళీలో పీటర్సన్ వేళ్ళు తిరుగుతుంటాయి. పై స్థాయి అందక వరసని కుదించిందని కొందరంటారు. ఆ మాట కొంతవరకు ఒప్పుకుంటాను. కానీ 1936లో పై స్థాయి బ్రహ్మాండంగా అందుతున్నప్పుడే ఆమె కుదించింది కదా! ఇది వయసు తెచ్చిన మార్పయితే ఇరవై ఒక్క ఏళ్ళ పిల్ల ఎందుకు చేస్తుంది? అది ఆమె పద్ధతి. వయసు వచ్చేకొద్దీ ఆ పద్ధతినే చివరిదాకా తీసుకెళ్ళింది.

ఇంత దూరం చెప్పినా, ఇదంతా జీవితం తెచ్చిన మార్పేనని వాదించేవాళ్ళుంటారు. వాళ్ళకి నేను వినిపించేది ఒకే రోజు పాడిన రెండు టేకులు, అంటే ఒకే పాటని మొదటి నుంచి మళ్ళీ పాడి చేసిన రెండు రికార్డింగులు. 1937 జూన్ 15న ‘మీ, మైసెల్ఫ్ అండ్ ఐ’ పాడింది. లెస్టర్ యంగ్ టెనర్, బక్ క్లేటన్ ట్రంపెట్, వెనక ఫ్రెడ్డీ గ్రీన్, వాల్టర్ పేజ్, జో జోన్స్. అంటే కౌంట్ బేసీ నడిపిన జాజ్ బ్యాండుకి గుండెకాయలాంటి మనుషులు. ఆ పాటకి రెండు టేకులు మిగిలాయి, రెండూ దొరుకుతాయి. పాట చివర్లో ఆమె పాడుతుంటే లెస్టర్ పక్కనే తన దారిలో తాను వాయిస్తుంటాడు. ఒకరి మాట ఆగిన సందులోకి ఇంకొకరు వస్తారు. రెండో టేకులో అతను మొదటిదాంట్లో వాయించింది తిరిగి వాయించడు, ఆమె కూడా అలాగే పాడదు. మాట దిగే చోటు జరుగుతుంది, అక్షరం మీద బరువు మారుతుంది. రెండు టేకుల మధ్య ఆమె జీవితంలో ఏం జరిగింది? ఏమీ జరగలేదు. గదిలో అదే మనుషులు, అదే మైకు, అదే మధ్యాహ్నం. మారింది ఆమె ఆలోచన ఒక్కటే. 1941 మార్చిలో పాడిన ‘ఆల్ ఆఫ్ మీ’కి కూడా ఇలాగే ఒకటికి మించి టేకులున్నాయి, అక్కడా లెస్టర్ ఉన్నాడు. దాన్ని కూడా ఇదే చెవితో విని చూడండి.

పోల్చేటప్పుడు ఒక జాగ్రత్త తప్పనిసరి. మనం పోలుస్తున్నది గొంతునా, యంత్రాన్నా అని చూసుకోవాలి. 1930ల రికార్డింగులు నేరుగా డిస్కు మీద కోసినవి. డెబ్భై ఎనిమిది ఆర్‌పీఎం అని పేరే గానీ అన్నీ కచ్చితంగా ఆ వేగంతో తిరిగినవి కావు. నిమిషానికి 78 చుట్లు తిరగాల్సిన రికార్డుని 82, 83 చుట్లు తిప్పి కాపీ చేశారనుకోండి, పాట దాదాపు అరస్వరం పైకి పోతుంది. వేగం పెరుగుతుంది, గొంతు నాలుగేళ్ళు చిన్నదై వినిపిస్తుంది. చౌక సంకలనాల్లో ఇలాంటివి తగులుతుంటాయి. ఆ లేతదనం కొంత బిల్లీది, కొంత మోటారుది. ఇక చివరి ఏళ్ళ రికార్డింగులు టేపు మీద చేసినవి, మైకు చాలా దగ్గరగా ఉంటుంది. గొంతులో ఉన్న ప్రతి గీతా, ప్రతి ఊపిరీ పడుతుంది. 1937లో కూడా ఆమె గొంతులో కొంచెం జీర ఉండి ఉండొచ్చు, ఆ డిస్కు దాన్ని పట్టుకోలేదు, అంతే. అలాంటప్పుడు ఒకదాన్ని పువ్వు అనీ ఇంకోదాన్ని గాయం అనీ పిలవడంలో తొందరపాటుంది.

దీనికి తోడు గరగర తీసేసే పిచ్చి ఒకటి. పాత డిస్కులో సూది శబ్దాన్ని పూర్తిగా తుడిచేస్తే దాంతోపాటే మాటల చివరి హల్లులూ, ఊపిరి అంచులూ పోతాయి. బిల్లీ పాటలో సగం పని మాట చివర్లో ఉంటుంది. అక్షరాన్ని ఎలా వదిలేస్తుందో, ఎక్కడ చిన్నగా కిందకి జార్చుతుందో అక్కడే కదా వినాలి! అందుకే గరగర ఉన్నా సరే, చివరి హల్లు వినబడే కాపీనే నేను దాచుకుంటాను. అందంగా తుడిచిన కాపీలు కొన్ని ఇష్టపడి కొని కూడా పక్కన పడేశాను.

జీవితం, చరిత్ర పాటలోకి రానే రావని నా వాదన కాదు. ‘స్ట్రేంజ్ ఫ్రూట్’ దగ్గర అలా అనడం అన్యాయం. అమెరికా దక్షిణ ప్రాంతంలో నల్లవాళ్ళని చెట్లకి ఉరితీసిన దారుణం మీద ఏబెల్ మీరోపోల్ రాసిన పాట అది. న్యూయార్క్‌లో కేఫ్ సొసైటీ క్లబ్బులో ఆమె పాడేది. కొలంబియా రికార్డు చేయనంది. 1939 ఏప్రిల్ 20న మిల్ట్ గేబ్లర్ తన కమొడోర్ కంపెనీకి రికార్డు చేశాడు. పాట మరీ చిన్నదని, ముందు వాద్యం పెంచమని పియానో వాయించే సోనీ వైట్‌ని అడిగాడు. అందుకే డెబ్భై సెకన్ల దాకా ఆమె గొంతు వినపడదు. ఆ తర్వాత వచ్చిన గొంతులో ఏడుపు లేదు, అరుపు లేదు. సాక్షి వాంగ్మూలం చదివినట్టు మాట వెంట మాట పెడుతుంది. 1945లో లాస్ ఏంజెలెస్ కచేరీలో పాడినదీ, 1956లో స్టూడియోలో పాడినదీ పక్కపక్కన పెడితే, ఏళ్ళు గడిచేకొద్దీ ఆమె మాటల్ని ఇంకా సాగదీసి, ఇంకా పదునుగా విరిచి పాడిందని తెలుస్తుంది. 1939 నాటి నిగ్రహమే నాకు ఎక్కువ. అది కూడా ఆమె ఎంచుకున్నదే. ఇరవై నాలుగేళ్ళ వయసులో, ఆ పాటకి ఏడవకూడదని తెలిసి ఉండటం ఎంత పెద్ద విషయం!

పాటని కష్టాలతో కలిపి అమ్మడం ఎప్పుడు మొదలైందో కూడా రికార్డింగుల్లోనే దొరుకుతుంది. 1956లో ఆమె ఆత్మకథ వచ్చింది. ఆ నవంబర్‌లో కార్నెగీ హాల్‌లో కచేరీ జరిగింది. పాటల మధ్యలో గిల్బర్ట్ మిల్‌స్టీన్ అనే పాత్రికేయుడు ఆ పుస్తకంలోంచి భాగాలు చదివాడు. ఆ కచేరీ రికార్డయింది, తర్వాత ఎల్పీగా వచ్చింది. వింటే వింతగా ఉంటుంది. చదివే గొంతు మనల్ని జాలిపడమంటుంది, ఆ వెంటనే వచ్చే పాట జాలి అడగదు. పాట హుషారుగా ఉంటుంది, తాళం మీద కూర్చుని ఊగుతుంది. నేను ఆ చదువు భాగాలు కత్తిరించి పాటలు మాత్రమే వేరే ఫైలుగా పెట్టుకున్నాను. రెండింటినీ విడదీస్తే ఆ రాత్రి ఆమె ఎంత బాగా పాడిందో బయటపడుతుంది.

ఇక ‘లేడీ ఇన్ శాటిన్’. బాధ కోసం వెతికేవాళ్ళందరూ చివరికి చేరే చోటు ఇదే. 1958 ఫిబ్రవరిలో రే ఎల్లిస్ వాద్యబృందంతో, వయొలిన్లు, కోరస్ పెట్టి చేసిన ఆల్బం. ఎల్లిస్‌కి కూడా ఆమె పాడింది మొదట నచ్చలేదు. తర్వాత టేపులు విని మనసు మార్చుకున్నాడు. ఆ సంగతి ఆయనే చెప్పుకున్నాడు. ఇందులో గొంతు నిజంగానే దెబ్బతింది. దాచి లాభం లేదు. ‘ఐ యామ్ ఎ ఫూల్ టు వాంట్ యూ’లో కొన్ని స్వరాలు ఒణుకుతూ నిలబడతాయి. ఇది వినలేనన్న మిత్రులున్నారు, ఏడ్చేశామన్న మిత్రులున్నారు. ఇద్దరితోనూ నాకు పేచీయే.

ఎందుకంటే 1997లో వచ్చిన సీడీలో ఈ పాటకి ఇంకో టేకు కూడా ఇచ్చారు. ఎల్పీలో వచ్చినదాని పక్కన దాన్ని పెట్టి వినండి. తట్టుకోలేక ఒలికిన బాధ అయితే రెండుసార్లూ ఒలికిన చోటే ఒలకాలి, లేదా ఎక్కడ పడితే అక్కడ ఒలకాలి. ఇక్కడ అలా లేదు. పాట ఎక్కడ ఎక్కాలి, ఎక్కడ మాటలాడినట్టు చెప్పేయాలి అన్న ఆకారం నిలబడే ఉంది. ఆ ఆకారం లోపల మాటలు జరుగుతాయి. గొంతు సహకరించని చోట స్వరాన్ని వదిలేసి మాటని పట్టుకుంటుంది. చేతిలో ఉన్న పనిముట్టు ఎంతవరకు పనికొస్తుందో కచ్చితంగా తెలిసిన మనిషి పని అది.

అదే సీడీలో ‘ది ఎండ్ ఆఫ్ ఎ లవ్ ఎఫైర్’ రికార్డింగు ఎలా జరిగిందో వినిపించే దాదాపు పది నిమిషాల ట్రాక్ ఒకటుంది. ఈ పాటకి వాద్యం ముందే రికార్డు చేసి, దాని మీద ఆమె తర్వాత పాడింది. అది మోనోలో మాత్రమే ఉండటంతో అప్పటి స్టీరియో ఎల్పీలో ఈ పాట లేదు. పోల్చి వినేవాళ్ళకి ఆ ట్రాక్ నిధి. తెలియని పాటని ఒక గాయని కొంచెం కొంచెంగా తనదిగా చేసుకోవడం మన చెవుల ముందే జరుగుతుంది. విషాదగాథ వినాలని వచ్చినవాళ్ళకి ఇందులో పెద్దగా ఏమీ దొరకదు. ఒక పనిమంతురాలు పని చేసుకుంటూ ఉంటుంది.

సేకరణ అంటే అరుదైన మొదటి ముద్రణలు వేలం పాటలో పాడుకోవడం అనుకునేవాళ్ళున్నారు. వాళ్ళ ఆనందం వాళ్ళది. నాకు కావలసింది తేదీ, టేకు నంబరు, ఎవరు వాయించారన్న వివరం. 78 రికార్డుల మీద లేబుల్ చుట్టూ ఉన్న ఖాళీ చోట మాట్రిక్స్ నంబరు, అంటే ఆ రికార్డింగుకి కంపెనీ ఇచ్చిన నంబరు ఉంటుంది, దాని చివర టేకు గుర్తు ఉంటుంది. బిల్లీ మీద పనిచేసిన డిస్కోగ్రఫీకారులు (రికార్డింగుల జాబితాలు తయారుచేసేవాళ్ళు) వీటిని కష్టపడి లెక్కగట్టి పెట్టారు. ఆ శ్రమంతా స్ట్రీమింగులో గాలికి పోతోంది. ఒక యాప్‌లో ‘గాడ్ బ్లెస్ ది చైల్డ్’ అని వెతికితే అదే పేరుతో బోలెడన్ని వస్తాయి, పక్కన వేసిన సంవత్సరం సంకలనం వచ్చినది, పాడినది కాదు. 1941 నాటి ఓకే రికార్డింగా, 1950లో కోరస్‌తో చేసిన డెకాదా, 1956లో టోనీ స్కాట్ బృందంతో చేసినదా అన్నది వింటే తప్ప తెలియదు. ఒకసారి నేను కొన్న చౌక సెట్టులో 1930ల పాటలన్న పేరుతో 1950లవి కూడా కలిపేశారు. కొత్తగా వినేవాళ్ళు అవి విని ఏమనుకోవాలి? గొంతు మూడు ట్రాకుల్లో ఇరవై ఏళ్ళు ముసలిదై, మళ్ళీ పడుచుదైందనుకోవాలా?

డబ్బు పెట్టదలుచుకుంటే దారి సులువే. 2001లో వచ్చిన పది సీడీల కొలంబియా పెట్టెలో 1933 నుంచి 1944 దాకా, రెండో టేకులతో సహా ఉన్నాయి. వర్వ్ పెట్టె కూడా పది సీడీలే. డెకా, కమొడోర్‌లకి చెరో రెండు సీడీల సెట్టు. సెకండ్ హ్యాండులో దొరికితే వదలకండి, ముఖ్యంగా లోపలి పుస్తకం ఉందో లేదో చూసుకోండి. పుస్తకం లేని పెట్టె నాకు సగం ధరకి కూడా వద్దు. ఇంట్లో నా ఫైళ్ళన్నీ ముందు ఏడాది, నెల, తేదీ, తర్వాత పాట పేరు, చివర టేకు అన్న వరసలో ఉంటాయి. ఆల్బం పేర్లు తీసేశాను. ఆల్బం కంపెనీ సౌకర్యం, ఆమె పాడింది తేదీల్లో.

వర్వ్ పెట్టెలో 1955 ఆగస్టు నాటి రిహార్సల్ టేపు ఉంది. జిమ్మీ రోల్స్ పియానో, ఆర్టీ షపైరో బాస్. మాటలు, నవ్వులు, కబుర్లు, మధ్యలో పాట ముక్కలు. ఆ కబుర్ల కోసమే చాలామంది వింటారు. అక్కడ పాడి చూసిన పాటల్లో కొన్నింటిని ఆమె కొద్దిరోజుల్లోనే స్టూడియోలో పాడింది. ముందు ఆ ముక్క, వెంటనే స్టూడియో రికార్డింగు పెట్టుకుంటే, ఏది నిలుపుకుందో ఏది వదిలేసిందో స్పష్టంగా వినిపిస్తుంది.

1957 డిసెంబర్ 8న సీబీఎస్ టీవీలో నేరుగా ప్రసారమైన ‘ఫైన్ అండ్ మెలో’ దృశ్యం కూడా ఇలాగే అపార్థమైపోయింది. లెస్టర్ యంగ్ లేచి వాయిస్తుంటే కెమెరా బిల్లీ మొహం మీద ఉంటుంది. ఆ చూపులో పోయిన ప్రేమ ఉందని అందరూ రాశారు. ఉండొచ్చు. దాంతోపాటు ఆ మొహంలో ఇంకో పని జరుగుతోంది. లెస్టర్ వాయించిన ఆ పన్నెండు బార్లూ (లయ కొలిచే భాగాలు) ఆమె తలతో లయ పడుతోంది, అతను ఒక స్వరాన్ని ఆలస్యం చేసినప్పుడు ఒప్పుకుంటున్నట్టు ఊపుతోంది. వాద్యగాణ్ణి సాటి వాద్యగాడు వినే తీరు అది. లెస్టర్ సోలో అయిపోయాక ఆమె పాడే చరణాన్ని, 1939 కమొడోర్ రికార్డులోని చరణాలతో పోల్చి వినండి. అప్పుడు తీరుగా అమర్చిన బ్లూస్, ఇక్కడ దాదాపు మాటలు.

ఎవరైనా ఈ పని కొత్తగా మొదలుపెడితే ముందు సంపాదించమని నేను చెప్పేది మాత్రం శబ్దం అంతంతమాత్రంగా ఉన్న మూడు పాటలు. 1937లో ఆమె బేసీ బ్యాండుతో ఊళ్ళు తిరిగింది. బేసీకి డెకాతో ఒప్పందం, ఆమెకి బ్రన్స్విక్‌తో. అందుకని కలిసి స్టూడియోలో పాడలేదు. ఆ జూన్ 30న న్యూయార్క్ హార్లెమ్‌లోని సవాయ్ బాల్‌రూమ్ అనే నాట్యశాల నుంచి రేడియోలో వచ్చిన రెండు పాటలు, నవంబర్‌లో న్యూజెర్సీలోని మెడోబ్రూక్ నుంచి వచ్చిన ఒకటి, అంతే మిగిలాయి. సవాయ్‌లో పాడిన ‘స్వింగ్, బ్రదర్, స్వింగ్’ పెట్టుకుని, వెంటనే 1939 జులైలో వొకాలియన్‌కి పాడిన అదే పాట పెట్టుకోండి. స్టూడియోది శుభ్రంగా ఉంటుంది, అయినా సవాయ్ పాట ముందు అది నిలవదు. అక్కడ పెద్ద బ్యాండు, ఎదురుగా నాట్యం చేసే జనం, ఆమె గొంతెత్తి తాళాన్ని తోస్తుంది, బరువు ముందుకు వేస్తుంది. ఎప్పుడూ తాళానికి వెనకే ఉంటుందని అందరూ చెప్పే మనిషి, ఆ రాత్రి కావాలనుకుని ముందుకొచ్చింది.